ఇరుకింటి లెన్సు

ప్రభుదాస్ సారు పోయాక జరిగిన ఆదరణ కూడికకు నల్లగొండ వెళ్లాను. పాటలు, ప్రార్థన అయిపోయి అందరూ భోజనాలకు లేచినప్పుడు సారు కూతురు నన్ను లోపలి గదిలోకి పిలిచింది. బీరువా కింది అరలోంచి ఒక బిస్కెట్ల డబ్బా తీసి నా చేతిలో పెట్టి, "విమలక్కా, గివి నీకే ఇయ్యమని నాయిన ముందుగాల్నే చెప్పిండు" అంది. మూత తీయగానే ఫొటోలు కడిగే మందు వాసన గుప్పుమంది. లోపల పాత బనీను గుడ్డలో చుట్టి రెండు లెన్సులు. ఒకటి యాభై మిల్లీమీటర్లది, ఒకటి నూరు. వీటితో పాటు ఉండాల్సిన మూడోది, ముప్పై అయిదు, ఏళ్ల తరబడి నా దగ్గరే ఉంది. "మూడింట్ల రెండు మాత్రమే ఎందుకు దాచిపెట్టిండో నాకు ఎప్పుడూ చెప్పలే" అంది ఆమె. అన్నం తింటూ ఆ కథ ఆమెకు నాలుగు మాటల్లో చెప్పాను. చెప్పినకొద్దీ చెప్పనిదే ఎక్కువ ఉందనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

మాది నల్లగొండ పక్కనే పానగల్. పాత గుళ్లు చూడటానికి కార్లలో వచ్చేవాళ్లు ఊరికి ఆ వైపు నుంచే వచ్చి ఆ వైపు నుంచే వెళ్లిపోతారు. మా గల్లీ ఈ వైపు, చర్చి వెనక. బాపు, అంటే మా నాన్న, నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేది. ఇంట్లో పెద్ద దిక్కు మా అవ్వ, శాంతమ్మ. సర్కారు ఇచ్చిన రేకుల ఇల్లు. ఒక గది, దాని వెనక వంటిల్లు. వంటింట్లో ఇద్దరు కూర్చుంటే మూడోవాళ్లు గడపలో నిలబడాలి. అవ్వ కోడి కూయకముందే లేచేది. తలుపు తీయకముందే ప్రార్థన. ఆ ప్రార్థన నిండా పేర్లే. నా పేరు, అమ్మ పేరు, గల్లీలో జ్వరమొచ్చినవాళ్ల పేర్లు, ఈనబోయే బర్రె ఉంటే దాని పేరు కూడా. తర్వాత పొయ్యి ముట్టించి చాయ్ పెట్టేది. తంబాకు చిటికెడు పెదవి కింద పెట్టుకుని, చాయ్ మరిగేదాకా ఎవరితోనూ మాట్లాడేది కాదు. పొగ, తంబాకు, అల్లం కలిసిన ఆ వాసన ఇప్పటికీ ఎక్కడ తగిలినా నాకు తెల్లవారినట్టే ఉంటుంది.

అవ్వ ఊహ తెలిసినప్పటి నుంచి ఇతరుల పొలాల్లో పనిచేసింది. మా తాత ఒక దొర దగ్గర జీతమున్నాడు. తాత ఫొటో ఒక్కటి కూడా మిగలలేదు. అవ్వ ఫొటోలు మాత్రం మూడున్నాయి. రేషన్ కార్డు మీద ఒకటి, ఓటు కార్డు మీద ఒకటి, ఉపాధి పని కార్డు మీద ఒకటి. మూడింటిలోనూ అవ్వ కళ్లు పెద్దవి చేసి, మెడ బిగబట్టి, ఎవరో గద్దిస్తే నిలబడినట్టు ఉంటుంది. "గీ ఫొటోలల్ల నేను పట్టుబడ్డ దొంగ లెక్కున్ననే" అని నవ్వేది. నేను ఫొటో స్టూడియోలో పనికి చేరిన రోజు ఒక్కటే మాట అడిగింది. "కార్డుకు గాకుండ, సచ్చినంక గోడకు పెట్టెటందుకు గాకుండ, ఊకెనే ఒక ఫొటో తీస్తవా బిడ్డా?" తీస్తానన్నాను. తీయలేకపోయాను. స్టూడియోలో నా పని కంప్యూటర్ ముందు కూర్చుని పెళ్లి ఆల్బమ్‌లు కూర్చడం. కెమెరా ముట్టుకోనిచ్చేవారు కాదు. "ఆడపిల్లవు, స్టేజీ ఎక్కి కెమెరా పడితే పెండ్లోళ్లు ఏమనుకుంటరు?" అనేవాడు యజమాని. రాష్ట్రం వచ్చిన కొత్త రోజులవి. ఎటు చూసినా ఏదో మారుతుందన్న ఊపు. మా స్టూడియోలో మాత్రం ఆ ఒక్క మాటా మారలేదు.

ఫొటో తీయడం నేను నేర్చుకున్నది ప్రభుదాస్ సారు దగ్గర. ఆయన మా బడిలో డ్రాయింగ్ సారు. రిటైరయ్యాక నల్లగొండలోని తన ఇంట్లో బాత్‌రూమ్ కిటికీకి నల్లగుడ్డ కట్టి, ఎర్ర బల్బు పెట్టి, అందులోనే ఫిలిం రీళ్లు కడిగి, కాగితం మీద ఫొటోలు వేసేవారు. అందరి చేతుల్లోకి డిజిటల్ కెమెరాలు వచ్చేసినా ఆయన మాత్రం రీలు వదలలేదు. ఆదివారం చర్చిలో ప్రార్థన అయిపోగానే నేను అక్కడికి వెళ్లేదాన్ని. ఆయన నేల మీద కూర్చుని, పళ్లెంలో కాగితం ఆడిస్తూ, బొమ్మ తేలేదాకా లోలోపల అంకెలు లెక్కపెట్టేవారు. బొమ్మ తేలాక ఏమీ అనేవారు కాదు. బాగుంటే ఒక్కసారి ముక్కు రుద్దుకునేవారు. ఆ ముక్కు రుద్దడం కోసం నేను వారమంతా ఎదురుచూసేదాన్ని.

ఆ ఏడు ఎండాకాలం చివర హైదరాబాద్ నుంచి సువర్ణ మేడం మా ఊరొచ్చారు. కాలేజీలో పాఠాలు చెప్పే ఆవిడ. నాట్లేసేటప్పుడు, కలుపు తీసేటప్పుడు ఆడవాళ్లు పాడే పాటలు సేకరించి పుస్తకం వేస్తున్నారు. మా గల్లీ కూలి గుంపు పాటలు మంచిగా పాడుతుందని ఎవరో చెప్పారట. ఆ గుంపుకు పెద్ద లచ్చమ్మ పెద్దమ్మ. పాలమూరు వైపు నుంచి వచ్చిన మనిషి. చిన్నతనమంతా తల్లిదండ్రులతో కాల్వల పనులకు, కట్టల పనులకు తిరిగి మట్టి మోసింది. గొంతు విప్పితే రెండు పొలాల అవతలికి వినబడేది. పాటలు రికార్డు చేసుకున్నాక మేడం ఫొటోల సంగతెత్తారు. హైదరాబాద్‌లో ఇద్దరిని అడిగానని, నాట్లు అయిపోయేలోపు పన్నెండేసి ఫొటోలు చూపించమన్నానని, ఎవరివి నచ్చితే పుస్తకమంతా వాళ్ల చేతే తీయిస్తానని చెప్పారు. చాయ్ గ్లాసులు తీస్తున్న నేను ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని ధైర్యంతో, "మేడం, నేను కూడా తీస్త" అన్నాను. ఆవిడ నన్ను తేరిపార చూసి, "తియ్యమ్మా. నీకూ పన్నెండే" అన్నారు.

నాకు కెమెరా లేదు. ఆదివారం సారుతో చెప్పాను. ఆయన లేచి, బీరువా తీసి, తోలు సంచీలోంచి తన జపాన్ కెమెరా బయటికి తీశారు. రేంజ్‌ఫైండర్ అంటారు దాన్ని. మామూలు కెమెరాలో లెన్సులోంచే చూస్తాం. దీనికి చూసే కిటికీ వేరు, లెన్సు వేరు. కిటికీ నడిమధ్య పసుప్పచ్చని చిన్న మచ్చ ఉంటుంది. అందులో మనిషి రెండుగా కనిపిస్తాడు. లెన్సు మీది రింగు తిప్పుతూ పోతే ఆ ఇద్దరూ దగ్గరికొచ్చి ఒక్కరవుతారు. అప్పుడు నొక్కాలి. కిటికీలో తెల్లని గీతలతో మూడు చట్రాలు, ఒకదానిలో ఒకటి. అన్నిటికంటే బయటిది ముప్పై అయిదు లెన్సుది, వెడల్పుగా చూస్తుంది. దాని లోపలిది యాభై. మధ్యలో చిన్నది నూరు. దూరంలో ఉన్న ముఖాన్ని దగ్గరికి లాగుతుంది. మూడు లెన్సులూ బల్ల మీద వరసగా పెట్టి సారు అన్నారు:

"వారానికొకటి పెట్టి తీయ్. మూడు వారాలైనంక ఒక్కటి ఉంచుకో, రెండు నాకు తిరిగియ్యి. మల్ల మారుస్తనంటే ఇయ్య."

"ఎందుకు సార్? మూడూ ఉంటే ఏం?"

"పొలంల లెన్సు మార్సబోతే లోపలికి తేమ పోతది, దుమ్ము పోతది. అదొక్కటే గాదు. మూడుంటే నీ ఫికరంత లెన్సుల మీదనే ఉంటది, మనుషుల మీద ఉండది."

"ఏది మంచిది సార్?"

"యాభై" అన్నారు ఆలోచించకుండా. "మనిషి కన్నుకు దగ్గరిది. నలభై ఏండ్ల సంది నేను దాంతోనే తీసిన. కని నేను జెప్పిన్నని తీస్కోకు."

మొదటి వారం నూరు పెట్టుకున్నాను. అవ్వతోనే మొదలుపెట్టాలనుకున్నాను. అవ్వ ఆ రోజు పెట్టె అడుగు నుంచి గద్వాల చీర తీసి కట్టుకుంది. చర్చి గోడ ముందు కుర్చీ వేసి కూర్చోబెడితే గల్లీ అంతా చుట్టూ చేరింది. ఒకరు కొంగు సర్దితే ఒకరు జుట్టు సర్దారు. నేను అటు తిరిగి, ఇటు తిరిగి, ముప్పై ఆరు ఫొటోలూ అవ్వవే తీశాను. సాయంత్రం సారు బాత్‌రూమ్‌లో రీలు కడిగి బయటికి తీస్తే అద్దం ముక్కలా తెల్లగా ఉంది. అంచుల్లో కంపెనీ వాళ్లు అచ్చేసిన అంకెలు తప్ప ఏమీ లేదు. సారు రీలును వెలుతురుకు పట్టి అటూ ఇటూ చూసి, "లెన్సు మూత తీసినవా?" అని అడిగారు. కిటికీలోంచి అవ్వ చక్కగా కనబడుతుంటే లెన్సు మీద మూత ఉన్న సంగతే నాకు తట్టలేదు. "గిది అందరికీ ఒక్కసారి అయితది" అన్నారు సారు. ఇంటికెళ్లి అవ్వకు ఎలా చెప్పాలో తెలియక, చెప్పులు విడిచి గడపలోనే కూర్చుండిపోయాను.

"ఏమైందే, మంచిగ రాలేదా?"

"అసలే రాలే అవ్వా. మూత తియ్యకుండ తీసిన."

అవ్వ కడుపు పట్టుకుని నవ్వింది. "పోనీ తీ. కార్డుల మీది ఫొటోల కంటె గదే నయం."

నవ్వింది సరే, ఆ గద్వాల చీరను ఎంత జాగ్రత్తగా మడత పెట్టిందో నేను చూశాను.

సారు ఇంకో రీలు ఇచ్చారు. ఈసారి స్టూడియోకు సెలవు చెప్పి నాట్ల దగ్గరికి వెళ్లాను. వంగి నాటేస్తున్న ఆడవాళ్ల ముఖాలు నూరు లెన్సుతో గట్టు మీద నుంచే దగ్గరగా అందుతున్నాయి. ఎవరినీ అడగాల్సిన పనిలేదు, ఎవరి ఎదుటా సిగ్గుపడాల్సిన పనిలేదు. అరగంట బాగానే నడిచింది. ఉన్నట్టుండి లచ్చమ్మ పెద్దమ్మ నడుము పట్టుకుని లేచి నిలబడి, నారు చేతిలో పట్టుకునే కేకేసింది.

"ఏమే విమలా! గట్టు మీద నిలవడి ఎవల్ని జూస్తున్నవే? నా చిన్నప్పుడు కట్ట మీద మేస్త్రి గిట్లనే నిలవడి, ఎవలు నడుమెత్తిండ్రో జూస్తుండె. మమ్ముల జూడాల్నంటే బురదల దిగి జూడు!"

తక్కినవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. నేను కెమెరా దించేశాను. ఆ రీలులో ముఖాలు చాలా అందంగా వచ్చాయి. కానీ ఏ ముఖమూ నన్ను చూడటం లేదు. బురద లేదు, నారు కట్టలు లేవు, పక్కన ఇంకో మనిషి ఉన్న ఆనవాలు లేదు. ఎవరి కంటా పడకుండా తెచ్చుకున్న వస్తువుల్లా ఉన్నాయి. సారు ముక్కు రుద్దుకోలేదు. నూరు లెన్సును నేనే తీసి పక్కన పెట్టాను.

రెండో వారం యాభై. సారు చెప్పింది నిజమే. దాంతో చూస్తే అంతా మన కంటికి కనిపించినట్టే ఉంటుంది. మామూలు గొంతుతో మాట్లాడితే వినబడేంత దూరంలో నిలబడితే మనిషి మోకాళ్ల నుంచి తల దాకా చక్కగా పడతాడు. పైగా కిటికీలో ఆ చట్రం బయట కూడా కొంత జాగా కనబడుతుంది. ఎవరు లోపలికి రాబోతున్నారో ముందే తెలుస్తుంది. పొలంలో మంచి ఫొటోలు పడ్డాయి. రీలు చూసి సారు రెండుసార్లు ముక్కు రుద్దుకున్నారు. ఇక ఇదే అనుకున్నాను. నలభై ఏళ్ల అనుభవం ఊరికే పోతుందా అనుకున్నాను.

ఆ వారం చివర ఒక తెల్లవారుజామున చినుకులు మొదలయ్యాయి. మామూలుగా గుంపు ఆడవాళ్లు మా ఇంటి ముందు నిలబడి చాయ్ తాగి ట్రాలీ ఆటో ఎక్కుతారు. ఆ రోజు వాన వల్ల నలుగురు మా వంటింట్లోకి వచ్చి ఇరుక్కుని నిలబడ్డారు. అవ్వ పొయ్యి దగ్గర. లచ్చమ్మ పెద్దమ్మ చీర మీద తన కొడుకు పాత ఫుల్‌షర్టు తొడుక్కుని గుండీలు పెట్టుకుంటోంది. ఒకామె తలకు తువ్వాల చుడుతోంది, ఒకామె సద్ది డబ్బా మూత బిగిస్తోంది, ఇంకొకామె చేతికి నూనె రాసుకుంటోంది. వెనక తలుపులోంచి వాన వెలుతురు వాళ్ల భుజాల మీద పడుతోంది. కెమెరా ఎత్తాను. చట్రంలో ఇద్దరే పడ్డారు. ఒకడుగు వెనక్కి వేశాను. అవ్వ పడింది, పొయ్యి పడలేదు. ఇంకో అడుగు వేస్తే వీపు గోడకు తగిలి, అర మీది గిన్నెలు దబదబమని నా నెత్తిన పడ్డాయి.

"ఇంకెంత యెనుకకు పోతవే? గోడ అవతలికి పోతవా?" అంది లచ్చమ్మ పెద్దమ్మ. అందరూ విరగబడి నవ్వారు. ఆ నవ్వు కూడా నాకు చిక్కలేదు. చాయ్ తాగి, గ్లాసులు బోర్లించి, అవ్వతో సహా అందరూ పనికి వెళ్లిపోయారు.

మూడో వారం ముప్పై అయిదు పెట్టుకున్నాను. మళ్లీ వాన కోసం నాలుగు రోజులు కాచుకున్నాను. అయిదో రోజు వచ్చింది. అదే గోడ, అదే వేళ. గిన్నెలు ముందే దించిపెట్టి, వీపు గోడకు ఆనించి కెమెరా ఎత్తాను. అవ్వ, పొయ్యి, పొగ, నలుగురు ఆడవాళ్లు, తలుపు, తలుపు అవతల వెనక సందులో ఆగి ఉన్న ఆటో ముందు చక్రం, అన్నీ పడ్డాయి. ఎవరినీ బయట ఉంచాల్సిన పని రాలేదు. ఆ కెమెరా చప్పుడు చిన్నగా టక్కుమంటుంది, చాయ్ మరిగే చప్పుడులో కలిసిపోయింది. ఏడు తీశాను. ఏడో ఫొటోలో అవ్వ చాయ్ వడపోస్తూ తలెత్తి నా వైపు చూసింది. మెడ బిగపట్టలేదు, కళ్లు పెద్దవి చేయలేదు. చాయ్ కావాలా అని అడిగినప్పుడు ఎలా చూస్తుందో అలాగే చూసింది.

ఆదివారం యాభై, నూరు తీసుకెళ్లి సారు బల్ల మీద పెట్టాను. ఆయన యాభైని చేతిలోకి తీసుకుని, నా వైపు చూశారు.

"ముప్పై అయిదా? అది మనుషులను చిన్నగ చేస్తది. మరీ దగ్గరికి పోతే ముఖాలు సాగుతయి. పొలంల యాభైతోని ఎంత మంచిగ తీసినవ్!"

అంతవరకు సారుకు నేనెప్పుడూ ఎదురు చెప్పలేదు. ఆ రోజు చెప్పాను. "సార్, మీ ఇంట్ల హాలున్నది. యెనుకకు నడిచేందుకు జాగ ఉన్నది. మా ఇంట్ల రెండడుగులేస్తే గోడొస్తది. యాభై పెడితే మా ఇంట్లోళ్లు సగం మంది ఫొటోల పడరు."

సారు యాభైని తిప్పి చూసుకుంటూ లోపలికి వెళ్లిపోయారు. కోపమొచ్చిందనుకుని భయపడుతూ బస్సెక్కాను. మర్నాడు పొద్దున్నే మా గల్లీలో స్కూటర్ ఆగింది. సారు! చేతిలో యాభై లెన్సు. అవ్వకు దండం పెట్టి, "అమ్మా, జర మీ వంటిల్లు చూస్త" అని లోపలికొచ్చారు. నా దగ్గరున్న కెమెరాకు ఆ లెన్సు తగిలించి, అవ్వను పొయ్యి దగ్గర కూర్చోమని, కన్ను కిటికీకి పెట్టి ఒకడుగు వెనక్కి, ఇంకో అడుగు వెనక్కి వేశారు. అంత పొడుగు మనిషి. వీపుతో పాటు తల కూడా అరకు కొట్టుకుని మళ్లీ గిన్నెలన్నీ పడ్డాయి. అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సారు నెత్తి రుద్దుకుంటూ అక్కడే పీట మీద కూర్చున్నారు. చాయ్ తాగారు. తర్వాత అవ్వతోనే అన్నారు, నాతో కాదు.

"నలభై ఏండ్ల సంది యాభయ్యే సరైనదని పిల్లలకు చెప్పుకుంటొచ్చిన అమ్మా. ఒక్కనాడు కూడ వాళ్ల ఇండ్లల్ల నిలవడి చూడలే. నీ మనుమరాలు కరెక్టు."

అవ్వకు లెన్సుల గొడవ తెలియదు. "మా పిల్ల మొండిది సారూ" అంది, మురిసిపోతూ. సారు వెళ్తూ వెళ్తూ గడపలో ఆగి ముక్కు రుద్దుకున్నారు. నా జీవితంలో నాకు వచ్చిన బిరుదులన్నీ ఒకవైపు పెట్టినా దానికి సరితూగవు.

అదే వారం స్టూడియో యజమాని ఫోన్ చేశాడు. శ్రావణం పెళ్లిళ్లు, ఆల్బమ్‌లు పేరుకుపోయాయి, రేపటి నుంచి రాకపోతే ఇక రావద్దు అన్నాడు. అమ్మ ముఖం చిన్నబోయింది. "చేతుల ఉన్న పని పోగొట్టుకుంటవా? గా మేడం నీయే తీసుకుంటదని ఏమన్న రాసిచ్చిందా?" అంది. రాసివ్వలేదు. రాత్రంతా అటూ ఇటూ దొర్లాను. పొద్దున్నే అవ్వది పాత షర్టు ఒకటి తొడుక్కుని, తువ్వాల చుట్టుకుని, కెమెరాను పాలిథీన్ కవర్లో చుట్టి మెడలో వేసుకుని, గుంపుతో పాటు ట్రాలీ ఆటో ఎక్కాను. లచ్చమ్మ పెద్దమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసి, "ఫొటో తియ్యాల్నంటే ఒక మునుం పట్టాలె" అంది. మునుం అంటే పొలంలో ఒక్కొక్కరి వంతుకు వచ్చే వరస. పట్టాను. సగం పూట నాటు వేయడం, సగం పూట ఫొటోలు. మొదటి రోజు నా వరస పాములా వంకరపోతే పక్కామె వచ్చి సరిచేసింది. ముప్పై అయిదుతో ఫొటో తీయాలంటే మనిషికి చెయ్యి చాపేంత దగ్గరికి వెళ్లాలి. వాళ్ల ఊపిరి వినిపించేది, పాట మొదలయ్యే ముందు గొంతు సవరించుకోవడం వినిపించేది. బురద చేతులతో రింగు తిప్పడం కుదరక, నాలుగడుగుల దూరానికి రింగును అలాగే నిలిపి ఉంచడం నేర్చుకున్నాను. దూరం కొలవడం నా కాళ్లు నేర్చుకున్నాయి. నాలుగో రోజుకు నేను కెమెరా ఎత్తినా ఎవరూ పాట ఆపలేదు. లచ్చమ్మ పెద్దమ్మ ఒకసారి సూటిగా లెన్సులోకే చూస్తూ రాగం తీసింది. ఆ ఫొటోలో ఆమె చెంప మీది బురద చుక్క కూడా మెరుస్తుంది.

పన్నెండు ఫొటోలు సారు బాత్‌రూమ్‌లో ఎర్ర దీపం కింద అచ్చువేశాం. పన్నెండోది వంటింటి ఫొటో. నలుపు తెలుపులో, నా అరచేతి కంటే కొంచెం పెద్దవి. హైదరాబాద్ ఇద్దరివీ రంగులవి, పెద్దవి, చూస్తే పచ్చదనం కళ్లు చెదిరేట్టు ఉన్నాయని మేడం ఫోన్‌లో అన్నప్పుడు ఆశ వదులుకున్నాను. పది రోజులకు ఆవిడే పానగల్ వచ్చారు. మా గదిలో చాప మీద కూర్చుని నా ఫొటోలు ఒక్కొక్కటే ముందు పెట్టి, "ఈమె పేరేంటి?" అని అడిగారు. చెప్పాను. "ఈమె?" చెప్పాను. పుట్టినూరు, పిల్లలు, ఏ పాట ఎవరు మొదలుపెడతారు, ఎవరికి మోకాలు నొప్పి, అన్నీ చెప్పాను. పన్నెండూ అయిపోయాయి. మేడం ఫొటోలన్నీ జాగ్రత్తగా దగ్గరికి పేర్చి, "మిగతా ఇద్దరినీ ఇదే అడిగాను విమలా. ఒక్క పేరూ చెప్పలేకపోయారు. పుస్తకానికి ఫొటోలన్నీ నువ్వే తియ్యి. అట్ట మీదికి మీ వంటిల్లు" అన్నారు. అమ్మ తలుపు చాటున నిలబడి వింటోంది. ఆమె ఏడుపు నాకు వినబడింది. అవ్వ మాత్రం, "మా వంటింట్ల మసి ఉంటది గదా మేడం, సున్నమన్న ఏసేదాన్ని" అని బాధపడింది.

ఇప్పుడు ఆ పొలాల్లో నాట్లు చాలావరకు మిషన్లు వేస్తున్నాయి. మిషన్ దిగని చోట ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో మగవాళ్ల గుంపులు వచ్చి వేసి పోతున్నాయి. మా గల్లీ ఆడవాళ్లు కొందరు దవాఖానలో, కొందరు బడిలో పనిచేస్తున్నారు. ఇద్దరు కౌలుకు తీసుకుని సొంతంగా పత్తి వేస్తున్నారు. లచ్చమ్మ పెద్దమ్మ రోజూ పొద్దున్నే ఫోన్‌లో నాకు పువ్వుల బొమ్మ పంపుతుంది, తన ఫొటోలు తానే తీసుకుంటుంది. అప్పుడు ముప్పై ఆరు ఫొటోల రీలు నాకు వారమంతా వచ్చేది. ఇప్పుడు మా మేనకోడలు ఒక్క గిన్నె పాయసానికి అన్ని తీస్తుంది. నాకు అందులో తప్పేమీ కనిపించదు. ఆ ఆడవాళ్లు అప్పుడు ఒక్క ఫొటో కోసం ఎంత కాచుకున్నారో తెలిసినదాన్ని నేను. మన ముఖం మన చేతిలో ఉండటం చిన్న సంగతి కాదు. నా మటుకు నేను ఆ ముప్పై అయిదుతోనే అమ్రాబాద్ అడవి పల్లెల నుంచి గుట్ట మీది గుడి మెట్ల దాకా తిరిగాను. దాంతోనే బతికాను, దాంతోనే ఇల్లు కట్టాను. అవ్వ ఇప్పుడు లేదు. కానీ ఇన్నేళ్లలో ఏ గెలుపు గురించి ఎవరు అడిగినా నాకు ముందు గుర్తొచ్చేది, ఆ పుస్తకం నల్లగొండలో విడుదలైన రోజే.

హాల్లో వంటింటి ఫొటోను తలుపంత పెద్దది చేసి గోడకు పెట్టారు. గుంపు మొత్తం ట్రాలీ ఆటోలో దిగింది. అవ్వ గద్వాల చీర కట్టుకుంది. పెద్ద పెద్ద వాళ్లంతా ఆ ఫొటో ముందు నిలబడి వెలుతురు గురించి, నీడల గురించి మాట్లాడుతుంటే అవ్వ వాళ్ల వెనక నిలబడి, కొంగు కొస నోట పెట్టుకుని, గోడ మీది తనను చూసుకుంటోంది. కళ్లద్దాల ఆయన ఒకరు వెనక్కి తిరిగి గుర్తుపట్టారు. "అమ్మా, ఇది మీరే కదా! ఇందులో మీరు ఏం ఆలోచిస్తున్నారు?"

హాలంతా అవ్వ వైపు తిరిగింది. ప్రభుదాస్ సారు కూడా ముందు వరసలోంచి లేచి నిలబడ్డారు. అవ్వ భయపడుతుందేమోనని నేను ముందుకు రాబోయాను. అవ్వ చేత్తో నన్ను ఆపింది.

"ఏం ఆలోచించుడు సారూ? అయిదుగురికి చాయ్ పోస్తున్న. పోసినంక నేను కూడ పనికి పోత. చిన్నప్పటి సంది పోతున్న. మీ అన్నంల నా చేతి బియ్యం ఉన్నయి. ఎన్నడన్న సూసిండ్రా మమ్ముల? గిప్పుడు సూడుండ్రి. మంచిగ సూడుండ్రి, తొందరేం లేదు."

లచ్చమ్మ పెద్దమ్మ ఈల వేసింది. నిజంగానే, రెండు వేళ్లు నోట్లో పెట్టి. ఆ తర్వాత చప్పట్లు ఎంతసేపు మోగాయో నాకు తెలియదు.

సభ అయ్యాక అతిథులతో భోజనానికి ఉండమని మేడం బతిమాలారు. మర్నాడు కలుపు తీసే పనుందని గుంపు లేచింది. నేనూ వాళ్లతోనే ఆటో ఎక్కాను. పన్నెండు మందికి పన్నెండు పుస్తకాలు. గడియారం సెంటర్‌కు వచ్చేసరికి ఎర్ర లైటు పడి ఆటో ఆగింది. అవ్వ లేచి, ట్రాలీ కడ్డీ పట్టుకుని నిలబడి, పుస్తకం అట్టను బజారు వైపు తిప్పి ఎత్తి పట్టుకుంది, ఓట్లలో గెలిచినవాళ్లు ఊరేగింపులో నిలబడినట్టు. బండి మీద జామకాయలు అమ్మే ఆమె చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "అవ్వా, గది నువ్వేనా?" అని అరిచింది.

"నేనే!" అంది అవ్వ. "మా ఇంట్ల, మా పొయ్యి కాడ!"

లచ్చమ్మ పెద్దమ్మ పాట ఎత్తుకుంది. తక్కినవాళ్లు అందుకున్నారు. పచ్చ లైటు పడ్డా మా డ్రైవర్ కాసేపు బండి కదిలించలేదు.